ఆరో ఫారం గ్రూప్ ఫోటో ఏ ఏడాదిది? (ప్రాజెక్టు డైరీ)

జనవరి 6

హెడ్మాస్టరు గది వెనక చిన్న స్టోరు గది ఉంది. విరిగిన బెంచీలు, చిరిగిన మ్యాపులు, పనికిరాని సైన్సు సామాను అన్నీ చివరికి అక్కడికే చేరతాయి. సంక్రాంతి సెలవుల లోపు దాన్ని ఖాళీ చేయమన్నారు. తొమ్మిదో తరగతి పిల్లలు ఏడుగురు, వాళ్లకు సోషల్ చెప్పే నేను పొద్దున్నే మొదలుపెట్టాం. బీరువా మీద గోడకు ఆనించి, బూజు పట్టిన పటం ఒకటి కనిపించింది. గుడ్డతో దులిపేసరికి లోపలి నుంచి నలభై ఒక్క మొహాలు మమ్మల్ని చూశాయి.

నేల మీద పది మంది అబ్బాయిలు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. వాళ్ల వెనక కుర్చీల్లో ఏడుగురు మాస్టర్లు. మధ్యలో తలపాగా, కోటు ఉన్న పెద్దమనిషి హెడ్మాస్టరే అయి ఉండాలి. వెనక నిలబడ్డవాళ్లు పదకొండు మంది, వాళ్ల వెనక బెంచీ ఎక్కినవాళ్లు మరో పదకొండు మంది. కుర్చీల వరసకు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు ఇద్దరమ్మాయిలు, ఓణీలు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ముప్పై నలుగురు విద్యార్థుల్లో ఇద్దరే. ఇప్పుడు మా తొమ్మిదో తరగతిలో సగానికి పైగా అమ్మాయిలే. అందుకే మొదటి ప్రశ్న ఒక అమ్మాయి నుంచే వచ్చింది: "సార్, వీళ్లిద్దరూ ఎవరు?"

ఎవరో తెలియాలంటే ఎప్పుడో తెలియాలి. ఫోటో కింద అట్టకు అంటించిన అచ్చు చీటీలో కుడి సగాన్ని చెదలు తినేశాయి. ఏడాది ఉండవలసిన చోట మట్టి గీత తప్ప ఏమీ లేదు. పాత అడ్మిషన్ రిజిస్టర్లు చూద్దామంటే, 1977 నవంబరు 19 తుపానులో నీళ్లు వచ్చి అవన్నీ ముద్దయిపోయాయని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే చెప్పారు. కాబట్టి ఫోటో చేతే చెప్పించాలి.

జనవరి 8

ఇవాళ ఫోటోకు ఫోటో తీశాం. అద్దం మీద వెలుతురు తళుక్కుమనకుండా వసారాలో నీడపట్టున పెట్టి, పిల్లలు నల్ల దుప్పటి అడ్డం పట్టుకున్నారు. పటం పై మూల ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. లాగితే బొమ్మ పొర అద్దంతో పాటు ఊడి వస్తుంది. అటువైపు ఎవరూ చెయ్యి పెట్టకూడదని, తడిగుడ్డ అసలు తగలనివ్వకూడదని గట్టిగా చెప్పాను.

కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే చొక్కా గుండీలు లెక్కపెట్టవచ్చు. ఆ రోజుల్లో గ్రూప్ ఫోటోలను నల్లగుడ్డ కప్పుకుని తీసే పెద్ద కెమెరాతో, గాజు పలకల మీద తీసేవారు. పలక ఎంత ఉంటే ఫోటో అంత. కాగితాన్ని పలకకు ఆనించి అచ్చు తీయడమే తప్ప పెద్దది చేయడం ఉండదు కాబట్టి చిన్న వివరం కూడా చెదరదు. మా ఫోటో కొలత ఎనిమిదిన్నర అంగుళాలు ఇంటూ ఆరున్నర, అంటే సరిగ్గా ఫుల్ ప్లేట్ సైజు. కింది వరసలో ఒక అబ్బాయి తల మాత్రం అలుక్కుపోయింది. కదలవద్దన్నప్పుడు కదిలి ఉంటాడు.

"నలుపు తెలుపు కాబట్టి బ్రిటిష్ వాళ్ల కాలం" అని ఒక అబ్బాయి తేల్చేశాడు. మా నాన్నగారి 1970ల నాటి గ్రూప్ ఫోటో కూడా నలుపు తెలుపేనని చెబితే ఆశ్చర్యపోయాడు. నల్లటి చోట్ల వెండి పూసినట్టు మెరుపు తేలింది. అది వెండి లవణాలతో చేసిన కాగితం అని చెబుతుందే తప్ప ఏ దశాబ్దమో చెప్పదు. ఒక కుర్రాడు వేసుకున్న ఖాకీ చొక్కా మీద ఇంకొంత సేపు గడిపాం. ఎన్.సి.సి. అయితే 1948 తర్వాతిదని అనవచ్చు. కానీ చొక్కా మీద బిళ్ల లేదు, నెత్తిన టోపీ లేదు. ఖాకీ చొక్కా ఎవరైనా వేసుకుంటారు. ఆ ఆధారాన్ని కొట్టేశాం.

జనవరి 9

చెదలు వదిలేసిన సగం చీటీయే మొదటి సాక్షి. ఇంగ్లీషు అక్షరాల్లో "డి.బి. హైస్కూల్", దాని కింద "సిక్స్త్ ఫారం" అని ఉంది.

డి.బి. అంటే డిస్ట్రిక్ట్ బోర్డు. ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ మా బడిని "బోర్డు హైస్కూలు" అంటారు. పిల్లలు మాత్రం బ్లాక్‌బోర్డు వల్ల ఆ పేరు వచ్చిందనుకున్నారట. 1959లో పంచాయతీ రాజ్ వచ్చి జిల్లా బోర్డుల స్థానంలో జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. బడి పేరు జిల్లా పరిషత్ హైస్కూలుగా మారింది. కాబట్టి ఫోటో ఆ లోపుది. ఫారం సంగతి కూడా చెప్పవలసి వచ్చింది. అయిదు తరగతులు చిన్న బడిలో చదివి ఫస్టు ఫారంలో చేరేవారు. ఆరో ఫారం అంటే పదకొండో ఏడు, ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష రాసే తరగతి. అంటే ఇది బడి విడిచి వెళ్లే ముందు తీయించుకున్న ఫోటో.

ఒక చివర దొరికింది. ఇక రెండో చివర, అంటే ఏ ఏడాదికి ముందుది కాదో తెలియాలి.

జనవరి 20

సెలవుల తర్వాత పటం వెనక అట్ట విప్పాం. చిన్న మేకులు తుప్పు పట్టాయి. పటకారుతో ఒక్కొక్కటే తీసేసరికి గంట పట్టింది. కష్టం ఊరికే పోలేదు.

అట్ట వెనక పెన్సిలుతో "పటం 3-4-0" అని రాసి ఉంది. ఇదేదో ఫోను నంబరు ముక్క అనుకున్నారు పిల్లలు. అది మూడు రూపాయల నాలుగు అణాల సున్నా పైలు. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చి రూపాయి నూరు పైసలైంది. ఆ తర్వాత కొన్నాళ్లు జనం నోట అణాలు ఆడుతూనే ఉన్నాయి కాబట్టి ఇది గోడ కాదు, కంచె. అయినా మా పై గడువు 1959 నుంచి 1957కు దిగింది.

అట్టకూ ఫోటోకూ మధ్య పరిచిన కాగితం నాకు అన్నింటికన్నా ముద్దొచ్చింది. అది తెలుగు క్యాలెండరులో ఒక నెల కాగితం. నెల పేరు ఏప్రిల్ అని ఉంది. పక్కన ఏడాది అంకెలు ఉన్న మూల చిరిగిపోయింది. ఒకటో తేదీ గురువారం. నాలుగో తేదీ ఆదివారం గడిలో ఎర్రగా "ఉగాది".

ఏడాది ఎవరికీ చెప్పకుండా లెక్క పిల్లలకే వదిలేశాను. లెక్కల్లో చురుకైన అమ్మాయి, ఆమె స్నేహితురాలు కలిసి ఏప్రిల్ ఒకటి గురువారం వచ్చే ఏళ్లన్నీ కట్టుకొచ్చారు: 1937, 1943, 1948, 1954, ఆ తర్వాత 1965. వారాలు ఇలా అయిదారేళ్లకో పదకొండేళ్లకో మళ్లీ అదే వరసకు వస్తాయి. ఉగాది అలా రాదు. అది చంద్రుడి లెక్క. అమావాస్య దాదాపు అదే తేదీకి తిరిగి రావాలంటే పందొమ్మిదేళ్లు పడుతుంది. 1937, 1948లలో ఉగాది ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది. 1943లో అయిదో తేదీ సోమవారం. నాలుగో తేదీ ఆదివారం ఉగాది అయినది 1954లోనే, జయ నామ సంవత్సరాది. పందొమ్మిదేళ్ల తర్వాత 1973లో ఉగాది మళ్లీ ఏప్రిల్ నాలుగునే వచ్చింది కానీ ఆ రోజు బుధవారం. సూర్యుడి లెక్కా చంద్రుడి లెక్కా ఒకే గడిలో కలవడంతో ఒక్క ఏడాది మిగిలిందని తెలిసినప్పుడు ఆ ఇద్దరమ్మాయిల మొహాలు చూడాలి. జయ నామ సంవత్సరం మళ్లీ 2014లో వచ్చింది. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇంకా బడిలో చేరని వయసులో వచ్చిన ఉగాది అది.

నెల గడవకుండా క్యాలెండరు కాగితం చింపి పటానికి వేయరు. అంటే పటం కట్టింది 1954 ఏప్రిల్ తర్వాత. అప్పటికి కొద్ది నెలల ముందు తీసిన ఫోటో అయినా కావచ్చు కాబట్టి 1954, 1955, 1956, 1957ల ఆరో ఫారాలు నాలుగూ బరిలో ఉన్నాయి.

జనవరి 27

ఫోటో ఎడమ అంచున ప్రహరీ గోడ ముక్క కొద్దిగా కనిపిస్తోంది. దాని మీద ఏవో గీతలు ఉన్నాయి. పిల్లలు పిచ్చిగీతలు అన్నారు. బాగా పెద్దది చేస్తే రెండు మూపురాలు, వాటి మీదుగా అడ్డంగా కాడి. జోడెడ్లు! అప్పటి కాంగ్రెసు గుర్తు.

ఎన్నికలు ఎప్పుడెప్పుడు జరిగాయో బల్ల మీద రాసుకున్నాం. మొదటి సాధారణ ఎన్నికలు 1952 మొదట్లో. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మరుసటి ఏడు ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం పడిపోవడంతో 1955 ఫిబ్రవరిలో శాసనసభకు మధ్యంతర ఎన్నికలు జరిగాయి. 1957లో దేశమంతా ఎన్నికలైనా మా కోస్తా జిల్లాల్లో లోక్‌సభకే ఓట్లు వేశారు. శాసనసభకు 1955లో గెలిచినవాళ్లే కొనసాగారు. నేను ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నా ఈ తేడా పిల్లలకు ఇంత బాగా ఎక్కడం ఎప్పుడూ చూడలేదు.

1952 నాటి బొమ్మ అయితే రెండేళ్ల వానలకు తట్టుకుని ఇంత స్పష్టంగా ఉండదు. కాబట్టి 1955 గానీ 1957 గానీ. అలాగని 1956ను పూర్తిగా తీసేయలేం. ఒక్క వానాకాలం నిలిచిన బొమ్మ కావచ్చు.

ఫిబ్రవరి 3

నెల తేలుతుందేమో చూద్దామని ఇవాళ నీడ పని మొదలుపెట్టాం. ఈ ప్రాజెక్టులో నాకు నిద్ర పట్టనివ్వని భాగం ఇదే.

ఫోటోలో అందరూ కళ్లు చికిలించి ఉన్నారు. బడి తూర్పు మొహం, ఎదురుగా పొద్దుటి ఎండ. గుంపుకు ఎడమవైపు చివరి కిటికీ, దాని ముందు వసారా స్తంభం కనిపిస్తున్నాయి. చూరు నీడ గోడ మీద అడ్డంగా, సరిగ్గా కిటికీ అడుగు అంచున పడింది. స్తంభం నీడ దానికి కింద నిలువుగా పడింది. ఈ రెండు నీడలు కలిసే మూల ఒక్కటే చుక్క. చూరు నీడ ఎంత కిందికి దిగిందన్నది పొద్దు ఎంత ఎక్కిందో చెబుతుంది. స్తంభం నీడ ఎంత పక్కకు జరిగిందన్నది సూర్యుడు దక్షిణంగా ఎంత ఒరిగాడో చెబుతుంది. పొద్దు ఎక్కడం రోజూ ఉన్నదే, దక్షిణంగా ఒరగడం మాత్రం నెలను బట్టి మారుతుంది.

బడిలో ఆ భాగం ఇప్పటికీ అదే. పెంకులు మార్చారు, వసారా నేలకు కొత్తగా సిమెంటు వేసి ఎత్తు పెంచారు. కానీ స్తంభాలు, కిటికీలు, చూరు చివరి చెక్క పాతవే. నేల ఎత్తు మారింది కాబట్టి కొలతలన్నీ కిటికీ అంచు నుంచే తీసుకున్నాం. ఫోటోలో చుక్క ఎక్కడుందో లెక్కగట్టి గోడ మీద ఎర్ర సుద్దతో గుర్తు పెట్టాం. చూరు నీడ కిటికీ అంచుకు దిగేదాకా కాచుకుని ఉన్నాం. తొమ్మిదిన్నరకు కాస్త ముందు దిగింది. స్తంభం నీడ ఎర్ర గుర్తుకు దాదాపు అడుగున్నర ఉత్తరంగా పడింది. ఒక్కసారిగా అందరూ నీరుగారిపోయారు. తగలకపోవడం కూడా సమాచారమేనని, ఫోటో ఫిబ్రవరి మొదట్లోది కాదని ఇవాళే తెలిసిపోయిందని చెప్పాను.

ఫిబ్రవరి 10

స్తంభం నీడ గుర్తుకు పదకొండు అంగుళాల దూరంలో ఉంది. దగ్గరపడుతోంది. రోజుకు ముప్పావు అంగుళం పైచిలుకు జరుగుతోందని పిల్లలే లెక్క తేల్చారు.

ఫిబ్రవరి 16

పాత విద్యార్థులను వెతుకుతూ ఈ ఆదివారం ఊళ్లో తిరిగాం. పక్క వీధిలో రిటైర్డు పోస్టుమాస్టరు గారు ఉన్నారు. వయసు ఎనభై ఆరు. పిల్లలు తాతగారూ అని పిలిస్తే మురిసిపోయి కుర్చీలు వేయించారు. ఫోటో చూడగానే నిలబడ్డవాళ్ల వరసలో మూడో అబ్బాయి మీద వేలు పెట్టి "ఇది నేనే" అన్నారు. "నాగార్జునసాగర్‌కు నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఏడు నేను ఆరో ఫారంలో ఉన్నాను. బాగా గుర్తు."

ఆ శంకుస్థాపన 1955 డిసెంబరు 10న జరిగింది. అంటే ఆయనది 1955–56 బ్యాచి, ఫోటో 1956ది అవ్వాలి. ఆయన ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం ట్రంకు పెట్టెలోంచి తెప్పించి చూపించారు. అందులో ఉన్నదీ 1956 మార్చే. పిల్లలు నోటుపుస్తకంలో 1956 అని పెద్దక్షరాలతో రాసేశారు. నేను ఆ పుస్తకంలో హెడ్మాస్టరు సంతకం ఉన్న పేజీకి ఫోటో తీసుకున్నాను.

ఫిబ్రవరి 17

హెడ్మాస్టరు గదిలో, మేము రోజూ చూస్తూ చూడని చోట, "పనిచేసిన ప్రధానోపాధ్యాయులు" అని రంగుతో రాసిన బోర్డు ఉంది. అయిదో పేరు పక్కన జూన్ 1955 వరకు అని, ఆరో పేరు పక్కన జూలై 1955 నుంచి అని ఉంది. తాతగారి పుస్తకంలో సంతకం ఆరో పేరాయనది. బోర్డులో ఆ వరస సరిగ్గానే ఉందని దీనితో రుజువైంది. ఇక మధ్యలో తలపాగాతో ఉన్నాయన అయిదో పేరా, ఆరో పేరా?

పొద్దున నీడ కూడా చూశాం. గుర్తుకు ఇంకా అయిదున్నర అంగుళాలు.

ఫిబ్రవరి 23

తాతగారి దగ్గరికి మళ్లీ వెళ్లి ఒక్కటే అడిగాను: "ఈ తలపాగా ఆయన మీ ఆఖరి ఏడు హెడ్మాస్టరు గారేనా అండీ?" ఆయన వెంటనే కాదన్నారు. "మా ఆఖరి ఏడు కొత్తాయన. ఆయనకు తలపాగా లేదు. ఈయన అంతకు ముందు ఏడు బదిలీ అయి వెళ్లారు." అని, మాట మధ్యలో ఆగి కళ్లజోడు తుడుచుకుని ఫోటోను మళ్లీ దగ్గరగా తీసుకున్నారు. చాలాసేపు చూశారు. "అయితే ఇది నేను కాదు నాయనా. మా అన్నయ్య. మాది ఒకటే పోలిక. నాకంటే ఒక తరగతి పైన చదివాడు."

పిల్లల్లో ఎవరూ మాట్లాడలేదు. నోటుపుస్తకంలో రాసుకున్న 1956ను ఎవరూ కొట్టేయలేదు, నేనూ కొట్టేయమనలేదు. దాని కిందే "అన్నయ్య – 1955?" అని రాశారు.

వచ్చేటప్పుడు తాతగారే దారి చూపించారు. చివర కూర్చున్న అమ్మాయిని ఆయన గుర్తుపట్టారు. ఆవిడ ఇప్పుడు తెనాలిలో కొడుకు దగ్గర ఉంటున్నారట.

ఫిబ్రవరి 24

తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. చూరు నీడ కిటికీ అంచుకు దిగింది. స్తంభం నీడ అంచు ఎర్ర గుర్తును తాకింది. పిల్లల కేకలకు పక్క తరగతి వాళ్లు బయటికి వచ్చేశారు.

ఫోటోలో నీడ అంచు కొంచెం పలచగా ఉంది కాబట్టి మూడు అంగుళాలు అటూ ఇటూ పోవచ్చు. అంటే నాలుగు రోజులు అటూ ఇటూ. అయితే సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు ఇదే దారిన వస్తాడు. అక్టోబరు 18 ప్రాంతంలో కూడా చుక్క ఇక్కడే పడుతుంది. నీడ ఏడాదిని చెప్పదు, నెలకు రెండు జవాబులిస్తుంది. ఈ మాట పిల్లల చేత నోటుపుస్తకంలో రాయించాను.

మార్చి 1

తెనాలి వెళ్లాం. మామ్మగారు ఫోటో చేతికి తీసుకోకుండానే, దూరం నుంచే "తలపాగా మాస్టారు!" అన్నారు. తర్వాత ఎడమ చివర అమ్మాయిని చూపించి "నేనే తల్లీ" అని, ప్రశ్న మొదట అడిగిన అమ్మాయి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

ఏడాది అడగలేదు నేను. అడిగితే జ్ఞాపకం తనకు తోచిన అంకెను అందిస్తుంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఏ ఫారంలో ఉన్నారని మాత్రం అడిగాను. "అయిదో ఫారం. బడిలో అందరికీ మిఠాయి పంచారు. మా నాన్న కర్నూలు ఎంత దూరమోనని అంటుంటే విన్నాను." 1953 అక్టోబరులో అయిదో ఫారం అంటే, ఆరో ఫారం 1954 జూన్‌లో మొదలై 1955లో ముగుస్తుంది. ఫోటో ఎప్పుడు తీశారంటే "ఓట్లు అయ్యాక. ఓట్లకు బడి మూసేశారు. అందుకే ఫోటో ఆయన ఒకసారి వచ్చి తిరిగి వెళ్లి మళ్లీ వచ్చాడు" అన్నారు. జోడెడ్ల బొమ్మ సంగతి ఆవిడకు మేము అప్పటిదాకా చెప్పలేదు.

1955 ఫిబ్రవరి ఓట్లు, ఫిబ్రవరి 24 నాటి నీడ, జూన్ 1955లో వెళ్లిపోయిన హెడ్మాస్టరు, 1954 ఏప్రిల్ క్యాలెండరు, అణాల్లో రాసిన ధర. వీటిలో ఏ ఒక్కదానికీ మరోదాని సంగతి తెలియదు.

రెండో అమ్మాయి పేరు కూడా మామ్మగారే చెప్పారు. ఇద్దరూ ఒకే గొడుగు కింద బడికి వెళ్లేవారట. ఆవిడ పరీక్ష రాయకముందే పెళ్లి చేసి పంపించారట. ఫోటో కాపీ మీ దగ్గర ఉందా అని అడిగితే లేదన్నారు. కాపీకి రూపాయి పావలా అడిగారట, ఇంట్లో ఆ ఏడు అన్నయ్య ఫీజు కట్టవలసి వచ్చిందట. డెబ్బై ఏళ్లుగా ఆ ఫోటో తీయించుకున్నదే తప్ప ఒక్కసారి కూడా చూడలేదు ఆవిడ. మేము తీసుకెళ్లిన ప్రింటును ఒళ్లో పెట్టుకుని వేలితో వరస వెంట వెళ్తూ, "ఒక్కరి కాళ్లకైనా చెప్పులున్నాయా చూడు" అన్నారు. అన్ని రోజులు కొలతలు తీసిన మేము ఆ కాళ్లను గమనించనే లేదు.

మార్చి 8

పటం మళ్లీ కట్టించాం. క్యాలెండరు కాగితాన్ని విడిగా కవరులో పెట్టి, అది ఎక్కడ దొరికిందో కవరు మీద రాశాం. ఫోటో వెనక పెన్సిలుతో రాయవలసిన మాట మీద గంట చర్చ జరిగింది. "24 ఫిబ్రవరి 1955" అని రాద్దామని సగం మంది. నీడకు నాలుగు రోజుల సందు ఉందని, ఆ సందును దాచకూడదని లెక్కల అమ్మాయి పట్టుపట్టింది. చివరికి ఇలా రాశారు: "ఆరో ఫారం, 1954–55. ఫోటో 1955 ఫిబ్రవరి చివరి వారం ప్రాంతంలో తీసినది." కింద ఇద్దరమ్మాయిల పేర్లు, తాతగారి అన్నయ్య పేరు, తాతగారూ మామ్మగారూ చెప్పిన మిగతా పేర్లు రాశారు.

నలభై ఒక్క మందిలో ఇప్పటికి పద్నాలుగు పేర్లు తెలిశాయి. తల అలుక్కుపోయిన అబ్బాయిది కూడా వాటిలో ఉంది. వచ్చే ఆదివారం కాలవ అవతలి పాలేనికి వెళ్తున్నాం. కింది వరసలో ఇద్దరు అక్కడివాళ్లేనని మామ్మగారు చెప్పారు.